ఆత్మతృప్తి జీతం కాదు

మానసిక ఆరోగ్య రంగంలో పనిచేసే లాభాపేక్ష లేని సంస్థల గురించి తెలుగు సమాజంలో ఒక అభిప్రాయం గట్టిగా పాతుకుపోయింది. అక్కడ జరిగేది సేవే తప్ప ఉద్యోగం కాదని, సేవకు వచ్చినవారు జీతభత్యాల గురించి, సెలవుల గురించి, పనిగంటల గురించి నోరెత్తడం ఆ సేవకే మచ్చ అని, కష్టంలో ఉన్న మనిషికి ఆసరాగా నిలిచినప్పుడు కలిగే ఆత్మతృప్తే వారికి దక్కవలసిన అసలు ప్రతిఫలమని ఆ అభిప్రాయం చెబుతుంది. దాతలు దీన్ని నమ్ముతారు, ట్రస్టీలు నమ్ముతారు, నిధులు మంజూరు చేసే అధికారులు నమ్ముతారు. ఇంట్లోవాళ్లు ‘మంచి పనే, కానీ ఉద్యోగం ఎప్పుడు చూసుకుంటావు’ అని అడిగినప్పుడు ఏం చెప్పాలో తోచక ఊరుకునే కౌన్సెలర్లు కూడా లోలోపల దీన్నే నమ్ముతారు. వినడానికి ఉదాత్తంగా ఉండే ఈ భావన ఆచరణలో ఇద్దరికి ఒకేసారి అన్యాయం చేస్తోంది. పనిచేసేవారి శ్రమను విలువలేనిదిగా చేయడం మొదటిది. ఆ శ్రమ మీదే బతుకు ఆధారపడిన రోగులకు అరకొర చికిత్సను, అదీ మధ్యలో తెగిపోయే చికిత్సను అంటగట్టడం రెండోది. మొదటి అన్యాయం గురించి అప్పుడప్పుడైనా ఎవరో ఒకరు మాట్లాడతారు. రెండోదాని ఊసే వినిపించదు కనుక ఈ ఖండన ప్రధానంగా దాని చుట్టూనే నడుస్తుంది.

ముందుగా ఆ పని ఎలాంటిదో చూడాలి. సేవాదృష్టితో ఊహించుకునేవారి కళ్లముందు ఓపికగా వినే ఒక మనిషి, కన్నీళ్లతో చెప్పుకునే మరో మనిషి కనిపిస్తారు. సామాజిక మానసిక ఆరోగ్య కార్యక్రమం, అంటే రోగిని ఆసుపత్రిలో పెట్టకుండా సొంత ఊళ్లో, సొంత ఇంట్లో ఉంచుతూనే చికిత్స అందేలా చూసే కార్యక్రమం నడిపే సంస్థల్లో క్షేత్రస్థాయి కౌన్సెలర్ దినచర్య ఈ ఊహకు చాలా దూరంగా ఉంటుంది. స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినిపించడం, ఎవరో కీడు తలపెడుతున్నారన్న నమ్మకం బలపడడం, పనిమీదా మనుషులమీదా ఆసక్తి క్రమంగా సన్నగిల్లడం వంటి లక్షణాలున్న తీవ్ర మానసిక వ్యాధితో బాధపడుతున్న ఒక స్త్రీ ఇంటికి కౌన్సెలర్ వెళ్లినప్పుడు మాటల కంటే ముందు మాత్రల షీట్లు అడగవలసి ఉంటుంది. పోయినసారి ఇచ్చినవాటిలో ఎన్ని మిగిలాయో లెక్కపెడితే ఆమె మందులు వేసుకుంటున్నదో లేదో తేలుతుంది. మిగిలి ఉంటే ఎందుకు మిగిలాయో రాబట్టాలి. మందు వేసుకుంటే పగలంతా మత్తుగా పడి ఉంటోందని, కూలికి పోలేకపోతోందని అత్తగారే ఆపించి ఉండవచ్చు, ఆ మాట అత్తగారి ఎదుట చెప్పడానికి ఎవరూ ఇష్టపడకపోవచ్చు. ఆ తర్వాత పింఛను సంగతి వస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధిని కూడా వైకల్యంగా గుర్తించింది కాబట్టి సదరం శిబిరంలో, అంటే వైకల్య శాతాన్ని నిర్ధారించి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ వైద్య శిబిరంలో ఆమెను చూపించాలి. అందుకు స్లాటు బుక్ చేయాలి, ఆ రోజున మానసిక వైద్యుడు అక్కడ ఉండేలా చూసుకోవాలి, ఆమెను బస్సెక్కించి తీసుకుపోవాలి. తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పనిపాటలు చేయడం అనే నాలుగు అంశాల మీద అక్కడ వైకల్యాన్ని కొలుస్తారు. శిబిరానికి వెళుతున్నామని ఇంట్లోవాళ్లు ఆమెకు తలస్నానం చేయించి, ఉన్నంతలో మంచి చీర కట్టించి తీసుకొస్తే తన పనులు తాను చక్కగా చేసుకుంటున్నట్టే కనిపిస్తుంది, శాతం తగ్గుతుంది, పింఛను రాదు. ఇంట్లో మామూలు రోజున ఆమె ఎలా ఉంటుందో దాచకుండా చెప్పాలని కుటుంబాన్ని ముందుగా ఒప్పించడం, అదే సమయంలో ఆమె పరువుకు భంగం కలగకుండా చూడడం కౌన్సెలర్ బాధ్యత. సాయంత్రం ఆఫీసుకు చేరాక ఇదంతా కేస్ షీటులో ఎక్కించాలి, నెలాఖరుకు దాత అడిగిన నమూనాలో మళ్లీ రాయాలి. ఆ నమూనాలో సాధారణంగా ఎన్ని ఇళ్లకు వెళ్లారు, ఎంతమందిని కలిశారు అన్న గడులే ఉంటాయి. అత్తగారిని ఒప్పించడానికి పట్టిన మూడు గంటలకు గడి ఉండదు.

ఈ వివరాలన్నీ విన్న తర్వాత కూడా ప్రచలితాభిప్రాయం వెనక్కి తగ్గదు. ఇందులో ప్రత్యేకమైన విద్య ఏముంది, మంచి మనసుంటే ఎవరైనా చేయవచ్చు కదా అంటుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని తెలుగువారు ఏనాడో అన్నారు. వినడం పనిగా పెట్టుకున్నవారిని లోకం చులకనగా చూడడంలో ఆ పాత అలవాటు పాలు కొంత ఉండవచ్చు. కానీ మానసిక ఆరోగ్య రంగంలో మంచి మనసు సరైన నిర్ణయానికి పూచీ ఇవ్వదు. లిథియం అనే మందు బైపోలార్ వ్యాధిలో, అంటే అతి ఉత్సాహం, తీవ్రమైన కుంగుబాటు విడతలు విడతలుగా వచ్చే వ్యాధిలో ఎంతో మేలు చేస్తుంది. అయితే మేలు చేసే మోతాదుకూ విషంగా మారే మోతాదుకూ మధ్య తేడా చాలా తక్కువ, ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో దాని పరిమాణం పెరుగుతుంది. మే నెల ఎండల్లో అనంతపురం జిల్లాలోనో నల్లగొండ జిల్లాలోనో పొలం పనికి వెళ్లిన రోగికి విరేచనాలు పట్టుకుని, చేతులు బాగా వణుకుతూ, మాట తడబడుతోందని ఫోన్ వస్తే ‘ధైర్యంగా ఉండండి’ అని ఓదార్చే మంచి మనసు అతన్ని చంపగలదు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పంపి, లిథియం వాడుతున్నాడన్న సంగతి అక్కడి డాక్టరుకు తెలియజేసే శిక్షణ అతన్ని బతికిస్తుంది. అదేవిధంగా, కొన్ని మందుల దుష్ప్రభావంగా రోగి ఒకచోట కూర్చోలేక అదేపనిగా అటూ ఇటూ తిరుగుతుంటాడు. తెలియనివారు దాన్ని జబ్బు ముదిరిందని భ్రమపడతారు. ఆత్మహత్య ఆలోచన ఉన్నదా అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం ఎంతో సదుద్దేశంతో కూడినదే, కానీ అది తప్పని పరిశోధనలు తేల్చాయి. అడగడం వల్ల ఆ ఆలోచన పెరగదు, అడగకపోవడం వల్ల ప్రమాదం కంటికి కనబడకుండా పోతుంది. సూటిగా అడగడం, వచ్చిన జవాబుకు బెదిరిపోకుండా తర్వాతి ప్రశ్న వేయడం, పురుగుమందు డబ్బా ఇంట్లో ఎక్కడ ఉందో కనుక్కుని దాన్ని అక్కడినుంచి తీయించడం అభ్యాసంతో మాత్రమే పట్టుబడే నైపుణ్యాలు.

నైపుణ్యం అక్కరలేదని వాదించేవారు గోవాలోని సంగాత్ సంస్థ అనుభవాన్ని సాక్ష్యంగా తెస్తుంటారు. 1996లో మొదలైన ఆ సంస్థ మానసిక వైద్యంలో డిగ్రీలు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి వారిని సాధారణ కౌన్సెలర్లుగా తీర్చిదిద్దింది. తీవ్రమైన కుంగుబాటుతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చినవారికి ఆ కౌన్సెలర్లు అందించిన కొద్దిపాటి విడతల మాటల చికిత్స స్పష్టమైన మేలు చేసిందని 2017లో లాన్సెట్ వైద్యపత్రికలో అధ్యయనం వెలువడింది. ఈ అధ్యయనం నుంచి ‘డిగ్రీ లేనివారు చేయగలిగారు, కాబట్టి ఇది పెద్ద పని కాదు, కాబట్టి పెద్ద జీతం అక్కరలేదు’ అన్న నిర్ధారణకు రావడం ఆ అధ్యయనాన్ని తలకిందులుగా చదవడమే. అక్కడి కౌన్సెలర్లు చేతికొచ్చినట్టు ఓదార్చలేదు. ప్రతి విడతలో ఏం చేయాలో చెప్పే లిఖిత పద్ధతి వారికి ఉంది, శిక్షణ తర్వాత పర్యవేక్షణలో పనిచేసిన కాలం ఉంది, తమ సంభాషణల రికార్డింగులను బృందంగా కూర్చుని వినిపించుకుని, ఒకరి పనికి మరొకరు మార్కులు వేసి, ఎక్కడ తప్పిందో చర్చించుకునే క్రమబద్ధమైన ఏర్పాటు ఉంది. ఈ రంగంలో దీన్నే సూపర్‌విజన్ అంటారు: అధికారి తనిఖీతో దీనికి సంబంధం లేదు, కౌన్సెలర్ తన కేసుల్ని అనుభవజ్ఞుల ముందు లేదా తోటివారి ముందు పెట్టి దిద్దుకునే విధానం ఇది. అధ్యయనం నిరూపించింది ఆ ఏర్పాటు మొత్తానికి ఉన్న శక్తిని. తెలుగు జిల్లాల్లో పనిచేసే ఎన్నో చిన్న సంస్థలు అందులోంచి ‘డిగ్రీ లేని, తక్కువ ఖర్చు కౌన్సెలర్’ను మాత్రం తీసుకుని, సూపర్‌విజన్‌ను ఖర్చుగా భావించి వదిలేశాయి. అలా వదిలేసిన చోట కౌన్సెలర్ తన తప్పును తాను తెలుసుకునే మార్గం మూసుకుపోతుంది, ఆ తప్పు ఫలితాన్ని రోగి అనుభవిస్తాడు.

ప్రతిపక్షం వద్ద ఇంతకంటే బలమైన వాదం మరొకటి ఉంది, దానికి నిజాయితీగా జవాబు చెప్పాలి. 1953లో లండన్‌లో చాడ్ వారా అనే మతాచార్యుడు ప్రారంభించిన సమారిటన్స్ సంస్థ జీతంలేని స్వచ్ఛంద కార్యకర్తల మీదే దశాబ్దాలుగా నడుస్తోంది. 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ చెన్నైలో స్థాపించిన స్నేహ, హైదరాబాద్‌లోని రోష్ని కూడా ఆ బాటలో ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవారి ఫోన్లు అందుకునే సంస్థలే. జీతం లేకుండా ఇంత గొప్ప పని జరుగుతున్నప్పుడు మిగిలినవారికి జీతం గొడవ ఎందుకని ప్రశ్న. ఆ సంస్థలు చేస్తున్నది నిజంగా గొప్ప పని, వాటిని తక్కువ చేయడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. కానీ ఆ నమూనా నిలబడటానికి కారణాలు చూస్తే అవి ప్రచలితాభిప్రాయానికి వ్యతిరేకంగానే సాక్ష్యం చెబుతాయి. అక్కడ స్వచ్ఛంద కార్యకర్త కొద్ది గంటల వంతు మాత్రమే కూర్చుంటాడు. వంతు తర్వాత తన బరువు దించుకోవడానికి మరొకరితో మాట్లాడే ఆనవాయితీ ఉంటుంది. ఫోన్ పెట్టేసిన తర్వాత అవతలి మనిషి జీవితాన్ని చక్కదిద్దే బాధ్యత అతని మీద ఉండదు. అతని ఇల్లు మరో సంపాదన మీద గడుస్తుంది. అంటే పనిని జాగ్రత్తగా పరిమితం చేసినందువల్లే అది జీతం లేకుండా సాగుతోంది. ఆ హద్దుల్లో ఒక్కటీ లేకుండా, వారానికి ఆరు రోజులు, ఏళ్ల తరబడి, వందకు పైగా కుటుంబాల బాధ్యత ఒకే మనిషి మీద పెట్టి, త్యాగబుద్ధిని మాత్రం సమారిటన్స్ కార్యకర్త నుంచి అరువు తెచ్చుకోమనడం ఏ లెక్కన చూసినా న్యాయం అనిపించుకోదు. ఫోన్‌తో పని ముగియని చోట స్వచ్ఛంద వంతులు చాలవని మన దగ్గరే కనిపిస్తుంది: వికారాబాద్ జిల్లాలో రైతుల కోసం మొదలైన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్‌కు వచ్చే ఫోన్ల వెనక పాసుపుస్తకం, అప్పు, పింఛను, పంట నష్టం ఉంటాయి, ఆ సమస్య తీరాలంటే ఎవరో ఒకరు తహసీల్దారు కార్యాలయం దాకా, బ్యాంకు దాకా వెళ్లక తప్పదు.

సేవాభావం సడలినవారే అలసిపోతారన్నది ఈ అభిప్రాయంలోని అత్యంత క్రూరమైన భాగం. బర్నవుట్ అనే మాటను, అంటే పని ఒత్తిడి వల్ల మనిషి లోపలినుంచి ఖాళీ అయిపోయే స్థితిని సూచించే మాటను మానసిక శాస్త్రంలోకి తెచ్చినవాడు హెర్బర్ట్ ఫ్రాయ్‌డెన్‌బర్గర్. 1974లో ఆయన దాని గురించి వ్యాసం రాసింది ఏ కార్పొరేట్ కార్యాలయాన్నో చూసి కాదు. పగలంతా సొంత ప్రాక్టీసు చేసుకుని, సాయంత్రాలు న్యూయార్క్‌లో స్వచ్ఛందంగా నడిచే ఉచిత క్లినిక్‌కు వచ్చి జీతం లేకుండా పనిచేస్తూ, తనలోనూ తోటి కార్యకర్తల్లోనూ గమనించిన మార్పులను చూసి. బాగా అంకితభావం ఉన్నవారే ముందుగా దీని బారిన పడతారని ఆయన అప్పుడే గుర్తించాడు. తర్వాత మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టీనా మాస్లాక్ ఈ స్థితికి మూడు ముఖాలున్నాయని వివరించింది: శక్తి పూర్తిగా ఉడిగిపోవడం, ఎదుటివారిని మనుషులుగా కాక కేసులుగా, సంఖ్యలుగా చూడడం మొదలవడం, చేసిన పని ఎందుకూ కొరగాదన్న భావన స్థిరపడడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో బర్నవుట్‌ను వ్యక్తికి వచ్చే జబ్బుగా చేర్చలేదు. సరిగా నిర్వహించని దీర్ఘకాలిక పని ఒత్తిడి వల్ల ఏర్పడే వృత్తిసంబంధ పరిణామంగా చేర్చింది. అంటే లోపం పనిచేసే తీరులో ఉందని వైద్యశాస్త్రమే చెబుతోంది. అలసిన ఉద్యోగికి ఆదివారం ధ్యాన శిబిరం పెట్టి, తనను తాను చూసుకోవడం నేర్చుకోమని చెప్పి, సోమవారం నుంచి అవే నూట ఇరవై కేసులు అప్పగించడం ఈ శాస్త్రాన్ని పట్టించుకోకపోవడమే. మాస్లాక్ చెప్పిన రెండో ముఖం ఇక్కడ ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది. ఎదుటివారిని కేసులుగా చూడడం మొదలైన కౌన్సెలర్ వద్దకు, లోకం తనను మనిషిగా చూడడం మానేసిందని కుమిలిపోతున్న రోగి వస్తాడు. ఇంతకంటే పెద్ద హాని మానసిక చికిత్సలో ఊహించడం కష్టం.

అలసటకు తోడు మరో బాధ ఉంటుంది, దాన్ని ధ్యానం తాకను కూడా తాకదు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులతో పనిచేసిన అమెరికన్ మానసిక వైద్యుడు జొనాథన్ షే నైతిక గాయం అనే భావనను ముందుకు తెచ్చాడు. తర్వాత విస్తరించిన అర్థంలో, ఏది సరైనదో తెలిసి కూడా దానికి విరుద్ధంగా నడవవలసి వచ్చినప్పుడు, లేదా విరుద్ధంగా జరుగుతుంటే చూస్తూ ఊరుకోవలసి వచ్చినప్పుడు మనసులో ఏర్పడే గాయం అది. ఈ రోగికి ఆసుపత్రిలో పడక కావాలని కౌన్సెలర్‌కు తెలుసు, పడక లేదు. ఆ స్త్రీని కొడుతున్న ఇంటికే ఆమెను తిరిగి పంపుతున్నామని తెలుసు, ఉంచడానికి వసతి గృహం లేదు. మార్చి 31తో ప్రాజెక్టు ముగుస్తుందని, ఏప్రిల్ నుంచి తాను రాలేనని తెలుసు, ఆ మాట ఎదుటి మనిషికి చెప్పాలి. ఇవన్నీ ఆత్మతృప్తి ఖాతాలో ఎక్కడ జమ అవుతాయో సేవావాదులు చెప్పవలసి ఉంది.

ఇక డబ్బు సంగతి. జీతాలకు పోయే ప్రతి రూపాయి లబ్ధిదారుల నోటి దగ్గర నుంచి లాక్కున్నదేనన్న నమ్మకం దాతల్లో బలంగా ఉంది, చట్టాలు కూడా దాన్ని బలపరుస్తున్నాయి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ, విదేశీ నిధుల్లో పరిపాలనా వ్యయాల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. ఆసుపత్రిలో వైద్యుల జీతం, బడిలో ఉపాధ్యాయుల జీతం వంటివి ఈ లెక్కలోకి రావని నిబంధనలు చెబుతాయి. కానీ కార్యక్రమాన్ని నడిపించే సిబ్బంది జీతాలు, అకౌంటెంటు జీతం, ఆఫీసు అద్దె ఆ 20 శాతంలోనే సర్దుకోవాలి. అన్నదాన కార్యక్రమంలో బియ్యం వేరు, వంటవాడి జీతం వేరు అని విడదీసి, రెండోదాన్ని దుబారా అనడానికి కనీసం ఒక అవకాశం ఉంది. మానసిక ఆరోగ్య సేవలో ఆ విభజనకే అర్థం లేదు. అక్కడ పంచిపెట్టే వస్తువు ఏదీ లేదు. మందును ప్రభుత్వ ఆసుపత్రి ఇస్తుంది, సంస్థ ఇచ్చేది శిక్షణ పొందిన మనిషి సమయం ఒక్కటే. ఆ మనిషి జీతం, అతని పనిని దిద్దే పర్యవేక్షకుడి జీతం కలిస్తేనే కార్యక్రమం అవుతుంది. ‘నిర్వహణ ఖర్చు తగ్గించండి’ అన్న మాటకు ఈ రంగంలో ఉన్న ఏకైక అర్థం ‘చికిత్స తగ్గించండి’ అని.

పైగా చికిత్సకు సాధనం ఇక్కడ సంబంధమే. మూడేళ్లుగా వచ్చిపోతున్న కౌన్సెలర్‌ను చూసి తలుపు తీసే రోగి, కొత్తగా వచ్చినవాడికి తీయకపోవచ్చు. తనమీద జరిగిన అత్యాచారం గురించి ఒకరికి చెప్పడానికే ఏడాది పట్టిన స్త్రీని, ఆ మనిషి మానేసిపోయింది కనుక మళ్లీ మొదటినుంచి చెప్పమనడం చికిత్స అనిపించుకోదు. స్కిజోఫ్రీనియా చాలామందిలో దశాబ్దాల పాటు ఉంటుంది, నిధులు ఏడాదికో మూడేళ్లకో మంజూరవుతాయి, కౌన్సెలర్‌తో ఒప్పందం అంతకంటే చిన్నదిగా ఉంటుంది. తక్కువ జీతం వల్ల మిగిలిందని లెక్కల్లో చూపే సొమ్ము, కొత్తవారిని వెతకడంలో, మళ్లీ శిక్షణ ఇవ్వడంలో, మధ్యలో మందులు మానేసి ఆసుపత్రి పాలైన రోగుల్లో కరిగిపోతుంది. ఆ నష్టం ఏ ఆడిట్ నివేదికలోనూ కనిపించదు కాబట్టి పొదుపు చేసినట్టే చలామణి అవుతుంది.

ఇలాంటి సంస్థల్లో పనిచేసేవారి హక్కుల విషయంలో చట్టం ఒకప్పుడు ముందుకు వెళ్లి, ఇప్పుడు వెనక్కి నడిచింది. 1978లో బెంగళూరు నీటి సరఫరా సంస్థ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ప్రధాన తీర్పు రాసిన ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, జీతానికి మనుషుల్ని నియమించుకుని పనిచేయించే ధార్మిక సంస్థలు కూడా పారిశ్రామిక వివాదాల చట్టం పరిధిలోకి వస్తాయని చెప్పింది. యజమాని దయ పేదలకు ఉద్దేశించినదని, తన దయకయ్యే ఖర్చును కార్మికుడి మీద రుద్దే హక్కు ఆ యజమానికి లేదని ఆ తీర్పు తర్కం. నిజంగా జీతం ఆశించకుండా వచ్చి పనిచేసేవారితో నడిచే సంస్థలను మాత్రమే అది వేరుగా ఉంచింది. ఈ పరిధి నుంచి ఆసుపత్రులను, ధార్మిక సంస్థలను తప్పించాలని 1982లో పార్లమెంటు సవరణ చేసినా, పరిశ్రమ నిర్వచనాన్ని మార్చే ఆ భాగం అమల్లోకి రాలేదు. 2020లో ఆమోదించి 2025 నవంబర్ 21 నుంచి అమలు చేసిన పారిశ్రామిక సంబంధాల కోడ్ మాత్రం పూర్తిగానో అత్యధిక భాగమో ధార్మిక, సామాజిక, దాతృత్వ సేవలో ఉన్న సంస్థలు నడిపే వ్యవస్థలను పరిశ్రమ నిర్వచనం నుంచి తొలగించింది. సేవ చేసేవారికి హక్కులెందుకన్న ప్రచలితాభిప్రాయం ఆ విధంగా శాసనంగా మారింది. అకారణంగా తొలగించారని, చెప్పిన జీతం ఇవ్వలేదని వాదించుకోవడానికి కాఫీ పొడి అమ్మే కంపెనీలోని కార్మికుడికి ఉన్న వేదిక, ఆత్మహత్య అంచున ఉన్నవారిని వెనక్కి లాగే కార్మికురాలికి లేకుండా పోవడాన్ని ఎవరైనా సమర్థించగలరా అన్నది అడగవలసిన ప్రశ్న.

సేవ పేరిట జీతాన్ని తగ్గించే ఏర్పాటు అందరినీ సమానంగా తాకదు. మరో సంపాదన ఉన్న ఇంటి నుంచి వచ్చినవారు ఈ రంగంలో నిలబడగలరు. ఇంటి అద్దె, పిల్లల ఫీజు తన జీతం మీదే గడవవలసినవారు ఏడాదో రెండేళ్లో చూసి వెళ్లిపోతారు. వెళ్లిపోయేవారిలో దళిత, గిరిజన, వెనుకబడిన కులాల నుంచి చదువుకుని వచ్చిన యువతీయువకులు ఎక్కువగా ఉండడం ఆశ్చర్యం కలిగించదు. వారు పోవడంతో రోగి మాట్లాడే యాసలో మాట్లాడేవారు, కరువు పనికి పోవడమంటే ఏమిటో, వడ్డీవ్యాపారి గుమ్మం ముందు నిలబడడమంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేనివారు పోతారు. మానసిక వ్యాధి నుంచి కోలుకుని అదే రంగంలో పనిచేయడానికి వచ్చినవారి విషయం ఇంకా సున్నితమైనది. చెన్నైలో 1993లో మొదలైన ది బాన్యన్ వంటి సంస్థలు ఒకప్పుడు తమ వద్ద చికిత్స పొందినవారిని ఉద్యోగులుగా తీసుకున్నాయి. అలాంటివారికి నెలనెలా చేతికొచ్చే జీతం తాము మళ్లీ సమాజంలో మనుషులమన్న గుర్తింపు; దాని బదులు శాలువా, గౌరవ పారితోషికం చేతిలో పెట్టడం వారి కోలుకోవడాన్నే వెనక్కి నెట్టడం. వ్యవస్థాపకుల త్యాగాన్ని ఇక్కడ ఉదాహరణగా చూపడం కుదరదు. 1984లో చెన్నైలో స్కిజోఫ్రీనియా పరిశోధన సంస్థ స్కార్ఫ్‌ను స్థాపించిన డాక్టర్ శారదా మీనన్ వంటివారి నిస్వార్థతకు ఎంత నమస్కరించినా తక్కువే. అయితే ఒక నిపుణురాలు తన జీవితం గురించి తాను తీసుకున్న నిర్ణయం, ఆ బాటలో వచ్చే ప్రతి ఉద్యోగికీ నియామక షరతు కాజాలదు.

చివరికి మిగిలే అభ్యంతరం ఇది: ఇదంతా నిజమే, కానీ డబ్బెక్కడిది? ఈ ప్రశ్నను దాతనే అడగడం అలవాటైపోయింది కాబట్టి జవాబు దొరకదు. 2015–16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే దేశంలో వయోజనుల్లో 10.6 శాతం మందికి సర్వే నాటికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని, వేర్వేరు రుగ్మతల్లో చికిత్సా అంతరం, అంటే చికిత్స అవసరమై కూడా అందనివారి శాతం 70 నుంచి 92 దాకా ఉందని తేల్చింది. ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవన్నది మన వైపు నుంచి గమనించవలసిన విషయం. ఈ అంతరాన్ని పూడ్చే బాధ్యత ఎవరిదో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సందేహానికి తావులేకుండా చెప్పింది. ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే సేవలు పొందడం ప్రతి మనిషి హక్కు అని 18వ సెక్షన్ అంటుంది. ఆసుపత్రికీ ఇంటికీ మధ్య ఉండే హాఫ్‌వే హోమ్‌లు, తోడ్పాటుతో కూడిన వసతి, ఇంటివద్ద పునరావాసం, కుటుంబానికి ఆసరా ఇచ్చే సేవలు ప్రభుత్వం అందించవలసిన వాటి జాబితాలోనే ఉన్నాయి. జిల్లాలో ఆ కనీస సేవలు లేకపోతే అదే జిల్లాలో మరోచోట పొందిన చికిత్సకయ్యే ఖర్చును ప్రభుత్వమే భరించాలని కూడా ఆ సెక్షన్ చెబుతుంది. మాత్రల షీట్లు లెక్కపెట్టే, సదరం శిబిరానికి తోడు వెళ్లే, అత్తగారిని ఒప్పించే కౌన్సెలర్ చేస్తున్నది ఈ జాబితాలోని పనులే. కాబట్టి సంస్థలు దాతల ముందు చేయి చాచడంతో ఆగకుండా, తాము ప్రతి జిల్లాలో చట్టబద్ధంగా ప్రభుత్వం చేయవలసిన ఏ పని ఎంత ఖర్చుతో చేస్తున్నాయో లెక్కకట్టి, కౌన్సెలర్ల పూర్తి జీతం, సూపర్‌విజన్ ఖర్చు, సెలవులో ఉన్నవారి స్థానంలో మరొకరిని పెట్టే ఖర్చు అందులో దాచకుండా చూపి, ఆ లెక్కను రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ ముందు, అవసరమైతే హైకోర్టు ముందు పెట్టవలసి ఉంది. ఈ మూడు పద్దులను కొట్టివేయమని అడిగే దాత నిధులను ఈలోగా నిరాకరించే ధైర్యం ట్రస్టీలు చేయవలసి ఉంది.